పొయ్యిలో ముట్టించిన బీడీ

మొన్న మొయినాబాద్‌లో మనవరాలి బడికి పోయినప్పుడు, గేటు బయట రోడ్డు మీద కొత్తగా గీసిన పసుపు గీత చూశాను. ఆ గీత లోపల బీడీలు, సిగరెట్లు, గుట్కాలు అమ్మకూడదట, చిన్నపిల్లలకైతే ఎక్కడా అమ్మకూడదట. టీచరమ్మ చెబుతుంటే తల్లులందరూ తలలూపారు. నేను మాత్రం కొంగు సర్దుకునే నెపంతో తల దించుకున్నాను. ఇదే మాట చెప్పడానికి వెనకటికి ఒకాయన మా వాకిట్లోకి వచ్చాడు, ఆయనను మావాళ్లు ఎలా సాగనంపారో నేను కళ్లారా చూశాను.

మాది చేవెళ్ల పక్కన ముడిమ్యాల. నా చదువు మూడో తరగతితోనే ఆగింది కానీ, చూసింది మరిచిపోవడం నాకు చేతకాదు. ఆ రోజుల్లో మా ఇళ్లలో మగవాళ్లు మంచం మీద కూర్చున్నాక బీడీ కోసం లేవడమన్నది లేదు. దుకాణానికి పిల్లలే పోవాలి, అగ్గిపుల్ల దండగ కాబట్టి తెచ్చిన బీడీని వంటింటి పొయ్యిలో పిల్లలే ముట్టించాలి, వాకిలి దాకా వచ్చేలోపు ఆరిపోకుండా దారిలో రెండు దమ్ములు లాగి మరీ చేతికివ్వాలి. మీ ఇళ్లలోనూ ఇంతే, కాదనకండి. మా తమ్ముడు అప్పటికి రెండో తరగతి. వాడు దగ్గకుండా, కంట నీరు పెట్టకుండా తెచ్చేవాడు. ముక్కులోంచి పొగ వదులుతూ వాడు వస్తుంటే చుట్టాలు శభాష్ అని వీపు తట్టేవాళ్లు, తలుపు చాటున మమ్మల్ని కన్న అవ్వా నేనూ మురిసిపోయేవాళ్లం.

కొన్నాళ్లకు ఎవరూ పంపకపోయినా వాడు పొయ్యి దగ్గర తచ్చాడటం మొదలుపెట్టాడు. ఒకరోజు బడి గోడ వెనక దొరికిపోయాడు. వాళ్ల సారు షాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చే మనిషి, పిల్లల మీద చెయ్యి ఎత్తి ఎరగడు. సాయంత్రం వాడి చెయ్యి పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మా నాన్న, బాపు అంటాం, నలుగురితో కూర్చుని ఉన్నాడు.

"పటేలా, పిలగాడు బీడీ లేకుంటె ఉండలేకపోతున్నడు. పిల్లలతోని తెప్పియ్యకుండ్రి," అన్నాడు సారు నిలబడే.

"అంటే నేను లేసి దుకాణంకాడికి పోవాల్నా సారూ? జర కూసో, నీకు గూడ ఒకటి తెప్పిస్త," అని నవ్వి, బాపు తమ్ముడి వైపు తిరిగాడు. "పోరా, సారుకు ముట్టిచ్చుక రా."

తమ్ముడు సారు ముఖం చూశాడు, బాపు ముఖం చూశాడు, లోపలికి వచ్చి ముట్టించుకుని పోయాడు. సారు ఆ బీడీని వాడి చేతిలోంచి మెల్లగా తీసుకుని, నేలకు రాసి ఆర్పి, సైకిల్ ఎక్కాడు. కూర్చున్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. తలుపు వెనక నాకు చెవులు కాలిపోయాయి.

అయినా సారు ఊరుకోలేదు. పంచాయతీలో పెద్దల కాళ్లావేళ్లా పడి, పిల్లలకు బీడీలు అమ్మవద్దని ఒప్పించాడు. ఒప్పుకున్న బాపే, ఇంటి పెద్దలు పంపితే మాత్రం ఇవ్వాలని ఒక మాట తగిలించాడు. మరునాటి నుంచి ఊళ్లో ప్రతి పిల్లవాడూ "మా బాపు తెమ్మన్నడు" అనే అన్నాడు, దుకాణదారు నిశ్చింతగా ఇచ్చాడు. కొన్నాళ్లకు సారుకు బదిలీ అయింది. ఆయన పోతుంటే పలకరించినవాళ్లు లేరు.

తమ్ముడు పెద్దవాడై లారీ మీద పోయే రోజుల్లో బీడీకి గుట్కా తోడైంది. ఇప్పుడు వాడి నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోదు. పోయిన ఏడు దవాఖానకు నేనే వెంట పోయాను. ఎప్పటి నుంచి అలవాటని డాక్టరు అడిగితే వాడు నా వైపు చూశాడు. రెండో తరగతి నుంచి, మేమే నేర్పాం అన్నాను. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ మూసుకుపోయిన నోటితోనే, "బాపును ఏమనకే అక్కా," అన్నాడు. డాక్టరు ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బాపును అనడానికి ఏముంది, మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను కదా.

ఇప్పుడు మా ఇళ్లలో పిల్లల చేత బీడీ తెప్పించే ధైర్యం ఎవరికీ లేదు. తాగేవాళ్లు సందు చివరికి పోయి చాటుగా తాగి వస్తున్నారు. మనవరాలైతే వాళ్ల పెదనాన్నను, అదే నా పెద్దకొడుకును, దగ్గరికే రానివ్వదు, వాసన వస్తున్నది పో అంటుంది. పెద్దల ముఖం మీద ఆ మాటలేమిటని నా ఈడువాళ్లు నొచ్చుకుంటారు. ఆ పిల్ల అలా అన్నప్పుడల్లా నాకు తమ్ముడే గుర్తొస్తాడు. మాకు తెలిసిందల్లా పెద్దలు చెప్పింది చేయడం, చేసినందుకు మెచ్చుకోవడం. వాడంత మాట వినే పిల్లవాడు మా ఇంట్లో మళ్లీ పుట్టలేదు.