కురమోచి మిఠాయి పెట్టె

తప్పు చేశాక క్షమాపణ అడిగే అలవాటు కురమోచికి లేదు. ముందే అడిగేస్తాడు. టెక్నో సంగీతం చేసే మనిషికి ఈ గుణం ఎంత చేటో ఒసాకా మొత్తంలో బాగా తెలిసింది అతని రికార్డులు వేసే మిసావా హత్సుకోకే.

డ్రమ్ము యంత్రం మీట నొక్కే ముందు మిఠాయి పెట్టె పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగి, కాసేపట్లో చప్పుడవుతుంది, మన్నించమని నడుం వంచి వస్తాడు. ఎదురింటి చాపలు నేసే ముసలాయనకి తీపి పడదు.

"నాయనా, నీ మోతకి చావను గానీ నీ మిఠాయిలకి పోయేలా ఉన్నాను" అన్నాడాయన.

మర్నాటి నుంచి ఆయనకి ఉప్పు బిస్కెట్లు వెళ్లాయి, మిఠాయిలు తినిపించినందుకు క్షమాపణతో సహా.

అలాంటివాడి మొదటి ఆల్బమ్ ఆ వసంతంలో వచ్చింది. రికార్డు మొదటి వైపుని అందరూ మెచ్చుకున్నారు. చిక్కంతా రెండో వైపుతోనే. ఇరవై నిమిషాలూ ఒకటే దరువు. పెరగదు, తగ్గదు, మలుపు తిరగదు. ఒక పత్రిక దాన్ని శూన్యధ్యానమని పొగిడింది. ఒకాయన సూది ఇరుక్కుందనుకుని ప్లేయర్‌ని బాగుచేయించుకొచ్చాడు. ఓ క్లబ్బులో జనం కాసేపు ఎగిరి, ఏదో జరుగుతుందని చూసి చూసి, గోడకి చేరగిలబడ్డారు. ఇద్దరు గురక కూడా పెట్టారు.

రెండో వైపు ఆరు నిమిషాలకి కోస్తేనే రికార్డు తీసుకుంటానన్నాడు టోక్యో పంపిణీదారు. అతను కాదంటే హత్సుకో తన చిన్న కంపెనీకి తాళం వేసుకోవాల్సిందే. కురమోచి ఫోనులో క్షమాపణల మీద క్షమాపణలు చెప్పాడు గానీ కోతకి మాత్రం ఒప్పుకోలేదు. ఇక లాభం లేదని ఆదివారం మధ్యాహ్నం ఆవిడే అతనింటికి బయల్దేరింది.

మెట్లెక్కబోతుంటే కింది వాటా తలుపు తెరుచుకుంది. ఒక అమ్మాయి పెదవుల మీద వేలు పెట్టి నిలబడింది. లోపల చాప మీద పసిపాప నిద్రపోతోంది. పైకప్పులోంచి అదే దరువు దిగుతోంది.

"మొదటిరోజు మిఠాయిలు తెచ్చి, చప్పుడవుతుంది మన్నించమన్నారండి" అంది ఆ తల్లి గుసగుసగా. "అది మొదలవగానే గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల ఊరుకుంది. ఆయన ఆపగానే మళ్లీ అందుకుంది. అంతే, ఇంకో పెట్టె పట్టుకుని పరుగున దిగొచ్చారు, ఆపినందుకు మన్నించమని."

అప్పటి నుంచి రోజూ పాప పడుకునేదాకా వాయిస్తున్నాడట. ఈ అమ్మాయి రికార్డొకటి తన అక్కకి పంపితే వాళ్ల పిల్లాడూ పడుకున్నాడట.

హత్సుకో పైకెళ్లింది. కురమోచి యంత్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"పిల్ల ఏడుపు సంగతి నలుగురిలో పడితే వాళ్లమ్మకి చిన్నతనం కదండీ. ఆరు నిమిషాలకి ఏ పిల్లా కళ్లు మూయదు. మన్నించాలి."

హత్సుకో ఆ సాయంత్రమే టోక్యోకి కుదరదని చెప్పేసింది. కంపెనీ మూసే ఏర్పాట్లు మెల్లగా మొదలుపెట్టింది కూడా. అవి పూర్తికాలేదు. వేసవి వచ్చేసరికి రికార్డుల కొట్లకి కొత్త రకం జనం రాసాగారు. క్లబ్బు కుర్రాళ్లు కారు, కళ్లకింద నల్లచారలతో, ఆవలిస్తూ వచ్చే తండ్రులు. రెండో వైపు ఉన్నదే కావాలనేవారు.

శరదృతువులో కురమోచి మిఠాయి పెట్టెతో ఆఫీసుకొచ్చాడు.

"ఇప్పుడేం చేయబోతున్నావు?" అంది హత్సుకో.

"పక్క వాటాలోకి కొత్తవాళ్లొచ్చారండి" అన్నాడు వంగి. "కవలపిల్లలు. ఈసారి ఆల్బమ్ రెండు రికార్డులవుతుందేమో, మన్నించాలి."