మామ తుడవకుండా వదిలిన గుర్తు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మామ పోయిండు బిడ్డా" అంది. వెంటనే "కోర్టుకు నీళ్లు కొట్టినవా?" అని అడిగింది. కొడుతున్నానని చెప్పాను. నిజంగానే అప్పుడు నా చేతిలో పైపు ఉంది. "మంచిగ కొట్టు. ఆయన అడుగుతడు" అని పెట్టేసింది. నలభై ఏళ్ల అలవాటు ఆమె చేత అలా అనిపించింది. నేను సరిదిద్దలేదు.

ఆయన ఎవరో మీకు చెప్పాలి. నాచారంలో ఒక పాత ఫ్యాక్టరీ వెనక ఉద్యోగుల క్లబ్బు ఉంది. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది గాని క్లబ్బు మిగిలింది. అందులో ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు, అదీ ఎర్రమట్టి కోర్టు. జనగామ వైపు నుంచి లోడింగ్ పనికి వచ్చిన ఈయన్ని ఎవరో మేనేజరు ఒకరోజు కోర్టు తడపమని పంపాడట. ఆ పంపడం పంపడమే, మళ్లీ లోడింగ్‌కి వెనక్కి వెళ్లలేదు. మా నాన్న అదే ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఎనిమిదేళ్లప్పుడు నా చేతికి రాకెట్ ఇచ్చింది నాన్న కాదు, ఈయనే. పిల్లలందరికీ ఆయన కోర్టు మామ. నాకు ఉత్త మామ.

తెల్లారేసరికి నీళ్లు చల్లేవాడు. తడి చాలిందో లేదో మడమతో నొక్కి చూసేవాడు. మడమ దిగితే ఆగాలి, అంటుకుంటే ఇంకా ఆగాలి, గట్టిగా తగిలితే రోలర్ లాగాలి. తర్వాత తాడు కట్టి సున్నంతో గీతలు. కోర్టు మీద ఆయన చెప్పులు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆట అయిపోయాక గోనెపట్టా పట్టుకుని, బయటి అంచు నుంచి గుండ్రంగా తిరుగుతూ లోపలికి ఊడ్చుకుంటూ రావాలి. అది ఆయన పని కాదు, ఆడినవాళ్ల పని. ఒకసారి జనరల్ మేనేజరు రాకెట్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోతుంటే, గోనెపట్టా తీసుకెళ్లి ఆయన కారు బానెట్ మీద పరిచి వచ్చాడు. "సారు మర్సిపోయిండు" అన్నాడు, అంతే. సారు వెనక్కి వచ్చి ఊడ్చాడు.

ఎండాకాలం వచ్చిందంటే ఉప్పల్ అంతా క్రికెట్. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మెట్రో స్టేషన్ నుంచి జనం రంగు జెర్సీలు వేసుకుని వరదలా దిగుతారు. ఆ వరదకు ఎదురు, భుజం మీద సున్నం సంచి పెట్టుకుని మామ వచ్చేవాడు. ఆయన తిప్పలు వేరు. అదే రోజుల్లో యూరప్‌లో మట్టి కోర్టుల సీజన్ మొదలవుతుంది. మనవాళ్లు ఎంత దూరం పోతారన్నది ఆయనకు ఇంటి సమస్య. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక వైపు మన ఆటగాళ్ల పేర్లు వరసగా రాసి, ప్రతి పేరు ఎదురుగా ఒక మాట రాసేవాడు. ‘ఒక్క రౌండు.’ ‘క్వాలిఫయింగ్ దాటడు.’ ‘డబుల్స్‌ల దూరం పోతడు.’ దాన్ని మా స్టోర్ రూమ్ తలుపుకు మేకు కొట్టి తగిలించేవాడు.

"ఏంది మామా, మనోళ్ల మీద నీకు జర కూడ ప్రేమ లేదు" అని నేను కొట్లాడేదాన్ని.

"ప్రేమ ఉన్నదనే ఉన్నది ఉన్నట్టు రాస్తున్న" అనేవాడు. "మనోళ్లు సిమెంటు మీద పెరిగిన్రు బిడ్డా. మూడు బంతులల్ల ఖతం జెయ్యాలంటరు. గీ మట్టి మీద కొట్టిన బంతి మళ్ల వస్తది. మళ్ల కొడితే మళ్ల వస్తది. గప్పుడు మనోనికి కోపమొస్తది. ఒక్క బంతి ఎక్కువ కొట్టు, గంతే. గది రావాలంటే చిన్నప్పటి సంది మన్నుల ఆడాలె. ఊరికొక్క మట్టి కోర్టు లేకపాయె, ఎక్కడికెల్లి వస్తరు?"

ఆయన చెప్పినవన్నీ జరిగేవని కాదు. కాని చాలాసార్లు జరిగేవి. ఎవరైనా ఆయన రాసినదానికన్నా ఒక రౌండు ఎక్కువ గెలిస్తే ఆ రోజు అందరికీ ఇరానీ చాయ్. తను తప్పని తేలినందుకు అంత సంబరపడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

మట్టి మీద బంతి పడితే గుర్తు మిగులుతుంది. గొడవ వస్తే అంపైర్ కుర్చీ దిగి వచ్చి ఆ గుర్తు చూసి లోపలా బయటా చెబుతాడు. అడ్డంగా కొట్టిన బంతికి గుర్తు వాలుగా సాగుతుంది, తిన్నగా కొట్టినదానికి తిన్నగా ఉంటుంది. ఇంకో మర్యాద కూడా ఉంది. ఎదుటివాళ్ల బంతి లోపల పడిందని ఒప్పుకుంటే ఆటగాళ్లే కాలితో ఆ గుర్తు తుడిచేస్తారు. తుడిచావంటే ఒప్పుకున్నట్టే. ఇవన్నీ నాకు నేర్పింది మామే. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నాకు పదిహేనేళ్లు. పెద్ద శిక్షణ శిబిరానికి మా వయసు పిల్లల్ని ఎంచుతున్నారు. అందులో నిలబడినవాళ్లను మట్టి సీజన్‌లో ఆడటానికి యూరప్ పంపుతారు. చివరి మ్యాచ్ మా కోర్టులోనే. ఎదురుగా సైనిక్‌పురి నుంచి వచ్చిన అమ్మాయి, మిలిటరీ ఆయన కూతురు, ఎడమచేతి వాటం. మూడో సెట్టు, అయిదు అయిదు, నా సర్వీసు, అడ్వాంటేజ్ ఆమెది, ఇంకొక్క పాయింటు వస్తే ఆ గేమ్ ఆమెదే. ఆమె అడ్డంగా ఫోర్‌హ్యాండ్ కొట్టింది. బంతి నా ఎడమ మూలన గీత అంచును తాకి పోయింది. సున్నం లేవడం నేను చూశాను. చూసి కూడా "అవుట్" అన్నాను.

ఆమె పరుగెత్తుకొచ్చి గీత మీది గుర్తు చూపించింది. నేను గీతకు బెత్తెడు బయట ఉన్న ఇంకో గుర్తు చూపించాను. అది అంతకు ముందు ఆటలో పడ్డ బంతిది, తిన్నని గుర్తు. అంపైర్‌గా వచ్చిన సారు సిమెంటు కోర్టుల మనిషి, గుర్తులు చదవడం ఆయనకు రాదు. ఇద్దరి ముఖాలూ చూశాడు. నాది గట్టిగా ఉన్నట్టుంది, నా మాటే తీసుకున్నాడు. ఏడు అయిదుతో నేను గెలిచాను. మామ నీళ్ల కుండ పక్కన నిలబడి ఉన్నాడు. అంపైర్‌కు ఏమీ చెప్పలేదు. ఆట అయ్యాక ఆ రోజు గోనెపట్టా మాకివ్వలేదు, తనే ఊడుస్తానన్నాడు.

మర్నాడు పొద్దున ప్రాక్టీసుకు వెళ్లాను. కోర్టంతా తడిపి, రోలర్ లాగి, ఊడ్చి అద్దంలా ఉంది. ఎడమ మూలన మాత్రం పళ్లెమంత జాగా తడపలేదు, ఊడవలేదు. దాని మధ్య గీత మీద ఆ వాలు గుర్తు. మామ సున్నం కలుపుతూ, "ఆడు బిడ్డా" అన్నాడు. నేను ఆ మూలకు పోకుండా ఆడాను. రెండో రోజూ అలాగే ఉంది, మూడో రోజూ అలాగే ఉంది. కాలితో ఒక్కసారి రుద్దితే పోతుంది. తుడిస్తే ఒప్పుకున్నట్టే కదా, తుడవలేదు. నాలుగో రోజు సాయంత్రం గాలివాన వచ్చి అదే పోయింది. మామ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నా మీద కోపం కూడా చూపలేదు. రెండు దెబ్బలు వేసుంటే హాయిగా ఉండేది.

శిబిరంలో నేను నెల కూడా నిలబడలేదు, అందరి చేతుల్లో ఓడి వచ్చాను. యూరప్ లేదు, ఏమీ లేదు. తర్వాత చదువు, పెళ్లి, ఇప్పుడు అదే కోర్టులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. సైనిక్‌పురి అమ్మాయి పళ్ల డాక్టరైంది. సైనిక్‌పురి రోడ్డులో స్కూటర్ మీద వెళ్లినప్పుడల్లా ఆమె ఆసుపత్రి బోర్డు కనబడితే తల ఇటు తిప్పుకునేదాన్ని.

ఈ వేసవిలో మామ దవాఖానాలో పడ్డాడు. ఊపిరి సరిగ్గా అందేది కాదు, అయినా సీజన్ వచ్చింది కాబట్టి కాగితం రాయాల్సిందే. చూపు తగ్గింది, అందుకని ఆయన చెబుతుంటే నేను రాశాను. "పొడుగు పిలగాడు... క్వాలిఫయింగ్ల రెండో రౌండు రాయి. గని మూడు సెట్లు గుంజుతడు, గది గూడ రాయి." పేర్లు అయిపోయాయి. కలం మూత పెట్టబోతూ, ఎందుకో అప్పుడే నోరు తెరిచాను. మామా, ఆ రోజు బంతి లోపలే పడింది, నేను చూశాను అన్నాను.

"నా గీత మీద పడ్డది నాకెర్క లేదా?" అన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "నేను గూడ నోరిప్పలే. మా పిల్ల పోవాలె, మా కోర్టు పిల్ల పోవాలె అనుకున్న. తప్పు నీ ఒక్కదానిదే గాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చేయి కదిపాడు గాని ఓదార్చడానికి కాదు. "నాకెందుకు జెప్తున్నవ్? నేనోడిన్నా? గా సైనిక్‌పురి బిడ్డకు జెప్పు."

చెబుతానన్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ పది రోజులు గడిపాను. పదకొండో రోజు అత్త ఫోన్ వచ్చింది.

చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధి దగ్గర అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. అక్కడి మట్టిలో రాళ్లున్నాయి. మామ చూస్తే జల్లెడ పట్టమనేవాడని మా క్లబ్బువాళ్లు ఒకరు అన్నారు. అందరం నవ్వాం, ఏడుస్తూనే.

వారం తర్వాత అత్త నన్ను పిలిచి క్యాలెండర్ కాగితాల కట్ట చేతిలో పెట్టింది. అన్ని సీజన్లవీ దాచాడు. నా పదిహేనో ఏటి కాగితం వెతికాను. పెద్ద ఆటగాళ్ల పేర్లన్నీ అయ్యాక అట్టడుగున నా పేరు ఉంది. అందరి పేర్ల ఎదురుగా ఒక మాట ఉంది. నా పేరు ఎదురుగా ఏమీ లేదు.

"నేనడిగిన అప్పట్ల, గిదేంది ఖాళీ ఇడ్సినవని" అంది అత్త. "గది ఆ పిల్లనే రాసుకుంటది తియ్యి అన్నడు."

ఆ సాయంత్రమే సైనిక్‌పురి వెళ్లాను. పంటి నొప్పి వాళ్ల మధ్య కూర్చుని నా వంతు కోసం ఎదురుచూశాను. ఆమె నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. కోర్టు పేరు చెప్పగానే ముఖం మారింది. ఆ బంతి లోపలే పడిందని చెప్పాను. మీరు చూపిన గుర్తే సరైనది, నాకు అప్పుడే తెలుసు అన్నాను. క్షమించమని కూడా అన్నాను, ఆ మాట చాలా చిన్నగా వినిపించింది.

ఆమె చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. "మా డాడీకి ఆ రోజు ఎన్నిసార్లో చెప్పాను" అంది. "ఆయన నమ్మలేదు. ఓడిపోయి సాకులు చెప్తున్నవ్ అన్నరు. రాకెట్ అటక మీద పెట్టించారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడొచ్చి నాకు చెప్తే నేనెవరికి చెప్పుకోవాలె?"

లేచి నిలబడ్డాను. నేను తలుపు దాకా వెళ్లాక ఆమె వెనక నుంచి అడిగింది.

"అది ఇంకా మట్టి కోర్టేనా?"

అవునన్నాను.

పొడుగు పిల్లవాడు క్వాలిఫయింగ్ రెండో రౌండులో ఓడిపోయాడు, మామ చెప్పినట్టే మూడు సెట్లు లాగి. నేను ఒక్కదాన్నే ఫోన్‌లో చూశాను. ఒక ర్యాలీలో అతను కోపం తెచ్చుకోకుండా బంతి తర్వాత బంతి తిప్పి కొడుతుంటే, సూడు మామా అని పైకే అనేశాను. పక్కన ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారం పొద్దున నేను కోర్టు తడిపి, మడమతో నొక్కి చూసి, రోలర్ లాగి, గీతలు గీసేసరికి గేటు దగ్గర ఆమె ఉంది. చేతిలో పాత రాకెట్, పట్టీ ఊడిపోతోంది. చెప్పులు గేటు దగ్గర విడిచి, షూ వేసుకుని అవతలి వైపు వెళ్లి నిలబడింది.

మొదట్లో ఇద్దరి బంతులూ నెట్‌కే. మెల్లగా చేతులు గాడిన పడ్డాయి. ఒక బంతి, ఇంకో బంతి, ఎవరమూ ముగించాలని చూడలేదు. అప్పుడు ఆమె ఒంగి అడ్డంగా ఫోర్‌హ్యాండ్ కొట్టింది. నేను చేరుకోలేకపోయాను. బంతి నా ఎడమ మూలన పడి పోయింది.

"అవుటా?" అని అడిగింది అక్కడి నుంచి.

వెళ్లి చూశాను. తడి మట్టిలో వాలు గుర్తు, పావు వంతు సున్నం మీద. అది ఒక్కటే గుర్తు, పక్కన ఇంకేదీ లేదు. ఆమె నెట్ దగ్గరికి రాలేదు, ఉన్నచోటే నిలబడి నా వైపు చూస్తోంది.

కాలు ముందుకు పెట్టి, నెమ్మదిగా తుడిచేశాను.