అన్న పాటకు బాపమ్మ హారతి

ఆ రోజుల్లో మా ఇంటికి ఏ వార్తయినా ముందుగా మోసుకొచ్చేది మా మేనత్త. పక్క వీధే కనుక చెప్పులు విడవకుండా గడపలో నిలబడే చెప్పేసి పోయేది (పోతున్నా పోతున్నా అంటూ వంట అయ్యేదాకా నిలబడేది, అది వేరే సంగతి). ఆ సాయంత్రం ఆమె తెచ్చిన కబురు, "రేపు పొద్దుగాల్ల కరెంటు ఉండదట, తీగలు మారుస్తరట" అని. సిరిసిల్లలో అంతకన్నా చెడ్డ కబురు ఉండదు. కరెంటు లేకపోతే సాంచెలు ఆడవు (మరమగ్గాలను మేమలాగే అంటాం). మా నాన్న, బాపు, ముఖం వాడిపోయింది. మా అన్న మాత్రం ఆమె చేతులు పట్టుకుని, "అత్తా, నీ నోట్లె చక్కెర పొయ్య" అన్నాడు. పిల్లవాడికి ఎండదెబ్బ తగిలిందేమోనని ఆమె నుదురు ముట్టి చూసింది.

అన్న సంతోషానికి కారణముంది. గోదావరిఖనిలో గని కార్మికుల పిల్లలు కొందరితో కలిసి అతను రాక్ బ్యాండులో గిటార్ వాయించేవాడు. కరెంటు గిటార్లు, డ్రమ్ములు. వాళ్ళు మొదలుపెడితే మా సాంచెలే సిగ్గుపడాలి. వాళ్ళ మొదటి ఆల్బం దాదాపు పూర్తయింది. అందులో తాను కట్టిన పాట ఒక్కటైనా ఉండాలని అన్న ఆశ. ఉత్త చెక్క గిటారు మీద మెల్లగా పాడుకునే పాట. బ్యాండుకు పెద్దయిన కుర్రాడు (భుజాల దాకా జుట్టు కనుక మా ఇంట్లో అతని పేరు జుట్టుపిలగాడు) తేల్చి చెప్పేశాడు: "ఎల్లుండి పాటలన్ని పట్కొని హైదరాబాద్ పోతున్నం. గా లోపల రికార్డయితే ఉంటది, లేకుంటే లేదు." పని ముమ్మరంగా ఉన్న ఆ రోజుల్లో అన్న సాంచెలు వదిలి ఊరు కదలడానికి బాపు ఒప్పుకోడు. మా వీధిలో రికార్డింగంటే సంతలో జోలపాట పాడినట్టే. కరెంటు పోతేనే నిశ్శబ్దం. మేనత్త తెచ్చింది ఆ నిశ్శబ్దాన్నే.

పొద్దున్నే జుట్టుపిలగాడు నిండా చార్జింగు పెట్టిన లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. మందపాటి మట్టిగోడలున్న దేవుని అర్ర, అంటే మా పూజగది, మంచిదన్నారు. కాని అక్కడ పీట మీద మా బాపమ్మ ఉంది, బాపు వాళ్ళమ్మ. లేవనంది.

"నా దేవుని అర్ర ఇడిచి నేనెటు పోవాలె? నేను గూడ ఇంట. దేవుడు గూడ ఇంటడు."

"అయితే జర సప్పుడు చెయ్యకు బాపమ్మా."

"నేనెప్పుడు సప్పుడు చేసిన్రా" అంది, మా వాడలోకెల్లా పెద్ద గొంతున్న మనిషి.

నాకు వాకిలి కాపలా. బడికి పోని నాకు, తన భజన పాటలే చదివించి అక్షరాలు నేర్పింది బాపమ్మ. అలాంటి నన్ను నమ్మి ఇంత బాధ్యత ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు. ఎవరూ రాకుండా చూడమని ధర్మపురి నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకుని నిలబడ్డాను. కోడిని తరిమాను. కూరగాయలతన్ని చేతి సైగతోనే పక్క వీధికి పంపాను. అంతలో మేనత్త వచ్చి, "ఏందే, మీ ఇంట్ల ఎవలకన్న పాణం బాగలేదా?" అని అందుకుంది. ఆమె నోట్లో బెల్లం ముక్క కుక్కి అరుగు మీద కూర్చోబెట్టాను.

లోపల అన్న పాడుతున్నాడు. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకునే ముందు, పాటకు అందమని, తీగల మీద చెయ్యి పెట్టి కాసేపు ఆగాడు. మా ఇంట్లో దేవుని ముందు పాడిన పాట ఏదీ హారతి లేకుండా ముగియదు. బాపమ్మ కర్పూరం వెలిగించి ఇత్తడి గంట ఎత్తి గణగణ వాయించింది.

"మంచిగ పాడినవ్ బిడ్డా. ఇగ హారతి తీస్కోండ్రి."

"బాపమ్మా, ఇంక సగం ఉన్నది" అన్నాడు అన్న, ఏడుపు గొంతుతో.

"గా సగం రేపు పాడు. దేవుడు యాడికి పోతడు?"

అప్పుడే, చెప్పిన వేళకన్నా ముందే కరెంటు వచ్చింది. వీధిలో సాంచెలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.

నేను లోపలికి పరుగెత్తేసరికి అన్న గిటారు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. బాపమ్మ మాత్రం నిమ్మళంగా అందరికీ హారతి ఇస్తోంది. "జుట్టు జరుపు కొడుకా, అంటుకుంటది" అని జుట్టుపిలగాడి జుట్టు తనే వెనక్కి తోసింది. గిటారుకు బొట్టు పెట్టింది, లాప్‌టాప్‌కూ పెట్టింది. అతను ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని పాట విన్నాడు. మళ్ళీ విన్నాడు.

"గింతే ఉండనీ" అన్నాడు చివరికి. "గంట కాడ ఆపుదాం."

"సగం పాట రా అది."

"సగమని నీకు నాకే ఎరుక."

అలా ఆల్బంలోకెల్లా చిన్న పాట అన్నదే అయింది. విన్నవాళ్ళు ఆ ముగింపును ఎంతో ఆలోచించి పెట్టారని మెచ్చుకుంటూ రాస్తుంటారు. (నిజమే, బాపమ్మ కర్పూరం ముందే తీసి పెట్టుకుందట.) మేనత్త మాత్రం ఇప్పటికీ, "మా పిలగాని పాట సగం మింగిన్రు కరెంటోళ్ళు" అంటుంది. నేనేమో స్వామికి కొబ్బరికాయ కొట్టే వచ్చాను. వాకిట్లోంచి ఎవరినీ రానివ్వలేదు కదా, ఆయన తన మాట నిలబెట్టుకున్నట్టే. చప్పుడు ఇంట్లోంచే పుడుతుందని ఆ కాపలాదారు పిల్లకు తట్టలేదు, అంతే.

ఇప్పుడు నేనుంటున్న చొప్పదండిలో, మా ఇంట్లో, సాయంత్రం దీపం పెట్టి ఫోన్లో ఆ పాట వేస్తాను. ఎక్కడ ముగుస్తుందో బాగా తెలుసు, గంట చేతిలోనే ఉంటుంది. అయినా ప్రతిసారీ బాపమ్మే ముందు వాయిస్తుంది. ఆమె పోయాక కూడా ఆమెను దాటలేకపోయానని నవ్వుకుంటూ నా గంట ఎత్తుతాను. ఎక్కడైనా మీకు ఆ చిన్న పాట వినబడితే, అన్నను మెచ్చుకోండి, కాదనను. గంట మోగినప్పుడు మాత్రం మా బాపమ్మను ఒక్కసారి తలుచుకోండి.