వెనక్కి చూసే నెమళ్లు

మార్కండేయుడి మీద ఒట్టు, మా మామ నడిపిన సాంచ మగ్గం మీద ఒట్టు, ఇందాక తాగిన చాయ్ మీద కూడా ఒట్టు: ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఒట్టు వేశానంటే మా సోలాపూర్ దాజీ పేట్‌లో జనం చేస్తున్న పని ఆపి నవ్వడానికి సిద్ధమవుతారని నాకు తెలుసు. ఈ ఒట్టు వాళ్లకోసం కాదు, మీకోసం. మీరు నన్నెరగరు కాబట్టి నమ్మడానికి మీకేం ఇబ్బంది ఉండదు.

నాతాళ్ సెలవులకు, అంటే క్రిస్మస్‌కు, పుణె నుంచి వచ్చిన మా అమ్మాయి ఫోన్‌లో ఏదో నొక్కి ఇంటికి ఒక దుప్పటి తెప్పించింది. పిల్లి బొచ్చులా మెత్తగా ఉంది, దాని మీద నాకంటే ఆరోగ్యంగా ఉన్న ఒక పులి. దేశమంతటికీ చద్దర్లు కప్పే సోలాపూర్‌లో, గోడ అవతల సాంచలు టకటకలాడుతుండగా, బయటి ఊరి దుప్పటి! సముద్రం ఒడ్డున కాపురముండి ఉప్పుకు పక్కింటికి పోయినట్టుంది. కోపం తెచ్చుకుందామనుకున్నాను. చలి ఎక్కువగా ఉండడంతో ముందు కప్పుకుని, కోపం తర్వాత తెచ్చుకోవచ్చులే అని వాయిదా వేశాను. కప్పుకున్నాక కోపం రాలేదు, మా మేనత్త గుర్తుకొచ్చింది.

మా ఊరి చలి గురించి బయటివాళ్లకు పెద్దగా తెలీదు. ఏడాదిలో ముప్పాతిక భాగం పెనం మీద కూర్చున్నట్టుండే ఊరు కాబట్టి, చలి వస్తే ఎలా ఉండాలో మాకు చేతకాదు. మనుషులకే కాదు, గోడలకూ కిటికీలకూ కూడా చేతకాదు. నేను చెప్పబోయే, చాలా ఏళ్ల కిందటి ఆ డిసెంబరులో మా గల్లీ కోడి తల బయట పెట్టకుండానే, గంప కిందినుంచే కూసేది. కుంఠా నాకాలో సాంచలు పొద్దున కరెంటు తగలగానే కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడుగానీ నేతకు దిగేవి కావు. ఇది నేను చెవులారా విన్నాను.

మా మేనత్త ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె భర్త, అంటే మా మామ, కుంఠా నాకాలో ఒక సావుకారు కార్ఖానాలో చద్దర్ల సాంచ నడిపేవాడు. బతుకంతా చద్దర్లు నేసిన ఆ మనిషి చద్దరు కప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు. దీనికి కారణం చుట్టాలు. సెలవులు రాగానే తెలంగాణ నుంచి ఒకరి తర్వాత ఒకరు రైలు దిగేవారు. సిద్ధేశ్వరుడిని చూద్దామని ఒకరు, పండరిపురం పోతూ పోతూ ఇంకొకరు. చూడవచ్చింది ఏ దేవుడినైనా, తిరుగు రైలెక్కేటప్పుడు చంకలో చద్దరు, సంచిలో పల్లీల శేంగా చట్నీ ఉండి తీరాలి. చుట్టం చద్దరును చేత్తో ఒకసారి తడిమి "మంచిగున్నది" అన్నాడంటే అది ఆయనదైపోయినట్టే. ఇది మామ పెట్టిన కట్టడి. "థండికి వణుక్కుంట అడిగినోల్లకు లేదంటే సాంచకు ఉసురు తగుల్తది రా," అనేవాడు. అందుచేత చలి ముదిరే వేళకు ఇంట్లో మిగిలేవి పాత చీరలు కలిపి కుట్టిన బొంతలు. వాటిలో మంచి బొంత బీడీ ఆకుకు పోయేది. తడిపి ఉంచిన తునికాకు పొడిగాలికి ఎండితే కత్తిరించేటప్పుడు పెళుసుగా విరిగిపోతుందని, అత్త దాన్ని గోనెసంచిలో చుట్టి, పైన బొంత కప్పి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. "ఆకుకున్న ఇజ్జత్ నాకు లేకపాయె ఈ ఇంట్ల," అంటూ మామ లుంగీని నెత్తిమీదికి లాక్కునేవాడు.

ఆ యేడు దీపావళికి ముందు మామ పోయాడు. అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సాంచ ఆపి చాయ్ తాగడానికి బయటికొచ్చి కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆయన చివరగా నేసింది ఒక తప్పు చద్దరు. సాంచ మీద నెమలి బొమ్మను నడిపేది చిల్లులు పొడిచిన అట్టల దండ. తెగిన దండను మళ్లీ కుట్టేటప్పుడు నెమలి తల దగ్గరి అట్టలను మామ తిరగేసి కుట్టాడు. ఫలితంగా చద్దరు నిండా ఉన్న నెమళ్ల ఒళ్లు ఒకవైపు పోతుంటే, తలలు ఇంకొకవైపు తిరిగాయి. సావుకారు దాన్ని చూసి పక్కన పడేస్తే, మామ ఇంటికి తెచ్చి అత్త ముందు పరిచాడు.

"సూడే, నెమళ్లన్ని నిన్నే మర్లి సూస్తున్నయ్."

"మర్లింది నీ కండ్లు. పోయి అద్దాలు మార్పిచ్చుకో," అంది అత్త.

అన్నదే గానీ, ఆ ఇంట్లో ఆమెకంటూ వచ్చిన చద్దరు అదొక్కటే. మామ పోయాక ఆమె దాన్ని ఎవరి కంటా పడనివ్వలేదు.

నాతాళ్ సెలవుల్లో, ముందుగా చెప్పకుండా, అత్త వియ్యపురాలు దిగింది. అంటే కోడలి తల్లి. మిగతా చద్దర్లన్నీ అప్పటికే తలా ఒక ఊరు చేరాయి. వియ్యపురాలికి బొంత కప్పడం ఎలా? అత్త పెట్టె తెరిచి నెమళ్లను బయటికి తీసింది. తెల్లారి నేను చాయ్ వేళకు వెళ్లేసరికి ఆ పెద్దమ్మ చద్దరును ఒళ్లో పెట్టుకుని తడుముతోంది.

"వదినా, పండుకున్న సోయి గూడ లేకుంట నిద్రపోయిన. గిసొంటి చద్దరు నేను యాడ సూడలే. శాన మంచిగున్నది."

అత్త చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. కోడలు పొయ్యి వైపు తిరిగింది.

"కరాబైన మాల్ వదినా. మెడలు మర్లినయ్ సూడు. సాఫుగున్నది ఇంకోటి తెప్పిస్త."

"సాఫుగున్నయి మా అంగట్ల గూడ దొరుకుతయ్. మెడలు మర్లినయ్ గనుకనే ముచ్చటున్నయ్."

"తంబాకు వాసనొస్తది."

"నేనెరుగని తంబాకా వదినా? పెండ్లి దాక నేను గూడ బీడీలు చేసినదాన్నే గద."

ఆయన నేసిన ఆఖరిది అని ఒక్కమాట అంటే చాలు, ఆ పెద్దమ్మ చద్దరు వదిలేసి అత్తను పట్టుకుని ఏడ్చేదే. చెడ్డమనిషి కాదు. కానీ అత్త ఆ మాట అనే మనిషి కాదు. అంటే మామ కట్టడి తప్పినట్టు, ఇంటికొచ్చిన మనిషిని సిగ్గుపడేట్టు చేసినట్టు. అందుకని నా వైపు చూసింది. ఇన్నాళ్లూ ఊరికే అబద్ధాలాడావు, పనికొచ్చేది ఒకటి ఆడి చూపించు అన్నట్టుందా చూపు.

నేను గ్లాసు కింద పెట్టాను.

"పెద్దమ్మా, రాత్రి నిద్రల ఏమన్న మాట్లాడినట్టు యాదికున్నదా?"

"నిద్రల నేనేం మాట్లాడుత బిడ్డా?"

"ఏం లే, ఆ నెమళ్ల మెడ మర్లినట్టే, కప్పుకున్నోల్ల నాలిక గూడ మర్లుతది. కడుపుల దాసుకున్నదంత నిద్రల బయటపడ్తది. మామ దీన్ని కప్పుకొని ఓపాలి మధ్యాహ్నం కన్ను మూసిండు. సావుకారును తిట్టిన తిట్లు గల్లీ గల్లీ అంత విన్నది."

పెద్దమ్మ ముఖంలో రంగు మారింది. ఒకసారి కూతురి వైపు, ఒకసారి అత్త వైపు చూసింది.

"వదినా, రాత్రి నేనేమన్న అన్ననా?"

అత్త చాయ్ ఊదుకుంది. "నేనేం వినలే వదినా." ఒక గుక్క తాగింది. "విన్న గూడ, మనసుల పెట్టుకునేదాన్ని గాదు."

పెద్దమ్మ చద్దరును కాలిన పెనంలా పక్కకు నెట్టి, "నువ్వన్నది నిజమే వదినా, తంబాకు వాసన జరంత గట్టిగనే ఉన్నది," అంది. సాయంత్రం శేంగా చట్నీ ఒక్కటే పట్టుకుని రైలెక్కింది.

ఇక ఒట్ల సంగతి. చాయ్ మీద వేసినదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మామ నిజం, నెమళ్లు నిజం, అత్త నా వైపు చూసిన చూపు అన్నిటికంటే నిజం. గ్లాసు కింద పెట్టిన దగ్గర్నుంచి అంతా కల్పించాను. కోళ్లనూ సాంచలనూ మాట్లాడించిన నాకు ఆ పొద్దున ఒక్క అబద్ధం కూడా తోచలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అత్త కాసేపు ఎదురుచూసి, నెమళ్లు లోపలికి వచ్చేట్టు చద్దరు మడిచి, తన చేత్తోనే వియ్యపురాలి సంచిలో పెట్టింది.

మొన్న ఆ పులి దుప్పటి పట్టుకుని, బండి మీద ఊరి బయటున్న కుంభారి వెళ్లాను. అత్త ఇప్పుడు అక్కడి కొత్త కాలనీలో ఉంటోంది, ఇంకా బీడీలు చుడుతోంది. నాకు తోచిన ఈ అబద్ధాన్ని మొదటినుంచి చివరిదాకా ఆమెకు చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"గింత మంచిది అప్పుడు యాడ దాసినవ్ రా?"

"ఇప్పుడే తయారైంది అత్తా."

"నీ చద్దరు సాంచ దిగేసరికి నా థండి పోయింది గద బిడ్డా," అంటూ పులి దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్లి తునికాకు మీద కప్పింది.

తిరుగుదారిలో ఎదురుగాలికి కళ్లు నీళ్లు కారాయి. చలికే. ఒళ్లు ముందుకు పోతుంటే తల వెనక్కి తిరిగి ఉండడం నేతలో తప్పని సావుకారు అన్నాడు. ఒక్కో చలికాలం దాటుతున్న కొద్దీ నాకది తప్పులా కనబడడం లేదు.