బంగారం కూడా లోహాయే

పోయిన నెల విశాఖపట్నంలో ఒక బంగారం కొట్టులో కూర్చుని, మేనకోడలి పెళ్ళికి మా ఆవిడ ఎంచుతున్న గొలుసుల మీద నాకూ ఏదో అభిప్రాయం ఉన్నట్టు ముఖం పెట్టి ఉండగా, వెనక నుంచి ఎవరో "క్యా భయ్యా, లోహా ఖరీద్ రహే హో?" అన్నారు. ఇనుము కొంటున్నావా అని దాని అర్థం. కొట్టు యజమాని ముఖం మాడిపోయింది. నేను మాత్రం తిరిగి చూడకుండానే గుర్తుపట్టాను. బంగారాన్ని పట్టుకుని ఆ మాట అనగలిగినవాడు లోకంలో ఒక్కడే, భిలాయిలో మా పక్క క్వార్టరు స్నేహితుడు. తిరిగి చూస్తే బట్టతల ఒక్కటే కొత్త.

తొంభైల మొదట్లో సంగతి. ఏడో తరగతి దాకా శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ గారింట్లో తెలుగు మీడియం చదివి, ఎనిమిదికి నాన్న పనిచేసే భిలాయి వెళ్ళి హిందీ మీడియంలో పడ్డాను. రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే మాటలు చాలా ఉన్నాయి కదా, గట్టెక్కేస్తానులే అనుకున్నాను. ఆ మాటలే నన్ను ముంచాయి. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో 'శిక్షా' అని రాసి ఉంటే, మన వైపు దాచిపెట్టే నిజాన్ని వీళ్ళు బాహాటంగా ఒప్పుకున్నారని మెచ్చుకున్నాను. చదువుని హిందీలో అలా అంటారని తర్వాత తెలిసింది. సోషల్ క్లాసులో మా రాష్ట్రం ఆంధ్ర అని చెప్పి, హిందీలో రాష్ట్రమంటే దేశం కాబట్టి, తెలియకుండానే ఒక కొత్త దేశాన్ని స్థాపించాను. సోషల్ మేడం విజయనగరం ఆవిడ కావడం వల్ల ఆ తిరుగుబాటు అక్కడితో సద్దుమణిగింది.

నాన్నది ఉక్కు ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని. కొన్ని సాయంత్రాలు, ఇనుము తీశాక మిగిలిన కరిగిన మడ్డిని ఎక్కడో పారబోసినప్పుడు, సూర్యుడు పొరపాటున ఇంకో దిక్కున కూడా అస్తమించినట్టు ఆకాశం ఎర్రబడేది. ఊరి పిల్లలు తలెత్తి కూడా చూసేవారు కాదు. నేను మాత్రం ఆట మానేసి నోరు తెరుచుకుని నిలబడేవాడిని. నాన్న షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుతుంటే, లోపల ఏముంటుందని రోజూ అడిగేవాడిని. ఆయన రోజూ ఒకటే చెప్పేవారు.

"ఏటుంటాదిరా? వేడుంటాది."

ఇంతకన్నా క్లుప్తంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు, నా కుతూహలానికి మాత్రం అది చాలలేదు. అందుకే తొమ్మిదో తరగతిలో బడి తరఫున ప్లాంటు చూడ్డానికి తీసుకెళ్తారని తెలిసినప్పుడు నాకు తిండి సయించలేదు. బస్సు ఒక్కటే, పిల్లలు రెండు సెక్షన్లు. సైన్సు సారు నోటి పరీక్ష పెట్టి, సరిగ్గా చెప్పినవాళ్ళకే సీటన్నారు. ఆ సీటు దొరక్కపోతే, నాన్న రోజూ వెళ్ళొచ్చే చోటు ఎలా ఉంటుందో నాకిక ఎప్పటికీ తెలియదని నమ్మాను.

నా వంతు వచ్చింది. సోనా, అంటే బంగారం, ఏమిటని సారు అడిగారు. అమ్మమ్మ ఊరి సైన్సు పుస్తకంలో బంగారం, రాగి, వెండి అన్నీ లోహాలే. హిందీలోకి మార్చడానికి చివర కాస్త సాగదీస్తే చాలుననుకుని, ధైర్యంగా "లోహా హై సర్" అన్నాను.

సారు కాసేపు నన్ను ఆప్యాయంగా చూసి, "తుమ్హారే ఘర్ కే సోనే మే జంగ్ లగ్‌తా హై క్యా?" అన్నారు. మీ ఇంట్లో బంగారం తుప్పు పడుతుందా అని. క్లాసు గొల్లుమంది. రాగి ఏమిటన్నారు. లోహా అన్నాను. అల్యూమినియం? అదీ లోహాయే. ఇల్లంతా ఇనుమే ఉన్నవాడికి ప్లాంటు చూడాల్సిన అవసరమేముందని, సారు నన్ను కూర్చోబెట్టేశారు.

మన లోహాన్ని హిందీలో ధాతు అంటారట. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా లోహా అంటే ఇనుమని తెలుసు. ఊరు బతికేదే దాని మీద. సాయంత్రానికల్లా నా పేరే లోహా అయిపోయింది.

మర్నాడు సోషల్ మేడం కారిడార్‌లో నా ముఖం చూసి ఆపారు. సంగతి విని నవ్వు ఆపుకోలేక, "ఓరి నీ అమాయకత్వం! ఏడవకు, రా నాతో," అని సైన్సు సారు దగ్గరికి లాక్కెళ్ళి, మా తెలుగులో ఆ మాటకి అర్థం వేరని వాదించారు. సారు సాక్ష్యం కావాలన్నారు. క్లాసులో తెలుగు పిల్లలు ఇంకో ముగ్గురున్నారు, ముగ్గురూ అక్కడే పుట్టినవాళ్ళు. ఇద్దరు 'పతా నహీ సర్' అని చేతులు దులుపుకున్నారు. మూడోవాడు మా పక్క క్వార్టరు వాడు. లోహం మాట వాడూ ఎన్నడూ వినలేదు. గట్టిగా బుర్ర గోక్కుని, "సర్, హమారే ఘర్ మే లోహే కో ఇనుము బోల్‌తే హై" అన్నాడు. మా ఇంట్లో లోహాని ఇనుమంటారని.

సారు ఆలోచనలో పడ్డారు. ఇనుముకి వేరే పేరుంటే, "తో లోహా బేరోజ్‌గార్ హో గయా?" అన్నారు. అయితే లోహాకి ఉద్యోగం పోయిందా అని.

"నహీ సర్," అన్నారు మేడం, "ఉస్‌కా ప్రమోషన్ హో గయా."

ప్లాంటు ఊళ్ళో ప్రమోషన్ మాటకున్న బరువు వేరు. ఇనుముతో పాటు రాగి, వెండి, బంగారం అన్నిటికీ మా లోహం పై అధికారి అని మేడం వివరించాక, సారు మొదటిసారి నవ్వి, ఆ ఆఫీసరు గారి గుణాలేమిటో చెప్పమన్నారు. మెరుస్తుంది, కొడితే రేకవుతుంది, లాగితే తీగవుతుంది, వేడిని ఇవతల నుంచి అవతలకి మోస్తుంది అని, సగం హిందీలోనూ సగం చేతులతోనూ చెప్పాను. బస్సులో చివరి సీటు దొరికింది, అదీ ఇద్దరికి ఒకటి, నాకూ నా సాక్షికీ.

ఫర్నేసు దగ్గర మమ్మల్ని చాలా దూరంగా, ఎత్తున కటకటాల వెనక నిలబెట్టారు. కింద కాలవలో కరిగిన ఇనుము పారుతోంది. ఎరుపు అనుకున్నాను, కాదు, చూడలేనంత తెలుపు. దాని పక్కన మందపాటి కోట్లు, హెల్మెట్లు, నీలి అద్దాలతో నలుగురైదుగురు తిరుగుతున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు. అందులో నాన్న ఎవరో నాకు తెలియలేదు. ఒకాయన మా వైపు చెయ్యి ఊపారు. పలకరింపో, వెనక్కి జరగమనో అర్థం కాలేదు. నా ముఖం మాత్రం, అంత దూరంలో కూడా, పెనం మీద పెట్టినట్టు కాలింది.

ఇంటికొచ్చాక నాన్న బూట్లు విప్పుతూ, ఆ రోజు తనే అడిగారు.

"ఏటి సూసేవురా లోపల?"

రెండేళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నీ ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్కటే.

"వేడి."

నాన్న అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యి ఊపింది ఆయనేనా అని అడిగాను. ఎవరో ఒకలు ఊపేరులే అన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ విషయం తేలలేదు.

కొట్లోంచి బయటికొచ్చాక ఇదంతా మాతో వచ్చిన మా అమ్మాయికి చెబితే, సింపుల్‌గా మెటల్ అనొచ్చు కదా నాన్నా అంది. నిజమే. తను చదివే బడిలో అన్నిటికీ ఆ మాటే, చిక్కు లేదు. అది కాక, నేను చెప్పడం పూర్తయ్యేలోపే ఫోనులో బ్లాస్ట్ ఫర్నేసు వీడియో వెతికి, నా ముందు పెట్టింది. కాలవ, కోట్లు, నీలి అద్దాలు, అన్నీ నేను చూసినదానికన్నా దగ్గరగా, స్పష్టంగా ఉన్నాయి. అద్దాల వెనక ముఖాలు కూడా తెలుస్తున్నాయి. నేనూ నా బట్టతల స్నేహితుడూ రోడ్డు పక్కన తలలు ఆనించి చివరిదాకా చూశాం. ఫోను మాత్రం చల్లగా ఉంది.