చొక్కా జేబులో ఉప్పు

తొమ్మిదేళ్ళపాటు నేనొక బరువు మోశాను. తూకం వేస్తే యాభై గ్రాములుండేదేమో. చొక్కా జేబులో, ఎడమవైపు, గుండెకి ఆనుకుని ఉండేది. కవిత్వం చెబుతున్నానని అనుకోకండి. ఉప్పు పొట్లం.

మీరెవరో నాకు తెలీదు. మంచిదే. తెలిసినవాళ్ళకి చెప్పుకుంటే మర్నాడు కూర కొనడానికొచ్చి నా మొహం చూసి నవ్వుతారు. మా ఆవిడకి చెప్పేశాను. కానీ ఆమెకి చెప్పింది సగమే. మిగతా సగం ఎవరికి చెప్పాలో తెలీక మీ మీద పడ్డాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మాట్లాడమంటే పొద్దస్తమానం మాట్లాడతాను గానీ, రాయమంటే చెయ్యి తడబడుతుంది. జరిగిందంతా ఆ తడబాటు వల్లే. వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను.

గాజువాకలో మాదొక కర్రీ పాయింట్. వండేది ఆవిడ, అమ్మేది నేను. ఆమె పేరు నూకరత్నం అనుకోండి. అసలు పేరు రాస్తే సగం గాజువాకకి తెలిసిపోతుంది. మా మేనమావ కూతురు. సముద్రం ఒడ్డున పుట్టి, పడవల మధ్య పెరిగింది. నన్ను బావా అనే పిలుస్తుంది. కోపం వచ్చినా అలాగే పిలుస్తుంది, కాకపోతే అప్పుడు ఆ 'బా' కాస్త గట్టిగా పడుతుంది. వండేటప్పుడు రుచి చూసే అలవాటు ఆమెకి లేదు. గుప్పిట్లోంచి ఉప్పు రాల్చేది, గరిటె తిప్పేది, మూత పెట్టేది. ఒక్కసారి కూడా తేడా వచ్చేది కాదు.

నా వాటా నోరు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళనీ, పోర్టు నుంచి వచ్చేవాళ్ళనీ ఆటపట్టించకుండా కూర పొట్లం చేతికిచ్చేవాణ్ణి కాదు. "బావా, నిన్న వంకాయ కూర అట్టుకెళ్ళి నాను వండినానని ఇంట్లో సెప్పావంట గదా, నమ్మిందేటి మా సెల్లి?" అని నేనంటే చుట్టూ ఉన్న నలుగురూ నవ్వేవారు. వాళ్ళు నవ్వితే నాకు నేను పెద్ద మొనగాణ్ణి అనిపించేది. గాజువాక దాటితే నా నోరు పనిచెయ్యదని అప్పటికి నాక్కూడా తెలీదు.

ఒకరోజు ఒకాయన కారు ఆపి మా వంజరం పులుసు తిన్నాడు. రుషికొండ వైపు ఒక కంప్యూటర్ల ఆఫీసులో క్యాంటీన్ చూసుకుంటాడట. వేళ్ళు తుడుచుకుంటూ, "బుధవారం పదకొండింటికి శాంపిల్ పట్టుకురండి. మావాళ్ళకి నచ్చితే ఇక రోజూ మధ్యాహ్నం చేపల కూర మీదే" అన్నాడు.

ఆ బుధవారం తెల్లారేసరికి నూకరత్నం వంట ముగించేసింది. నాలుగు గిన్నెల కారియర్. వంజరం పులుసు, రొయ్యల వేపుడు, గుత్తొంకాయ, అన్నం. కారియర్‌ని కొత్త తువ్వాలులో చుట్టి, పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు నా చేతిలో పెట్టింది. రెండు బస్సులు మారాను. ఒళ్ళో పెట్టుకున్న కారియర్ వేడికి తొడలు కాలాయి. కదపలేదు. పులుసు ఒలుకుతుందని.

గేటు దగ్గర పుస్తకంలో పేరు రాశాను. బాగానే రాశాను. లోపల అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. నేను ముట్టుకోలేదని అక్కడున్నవాళ్ళకి చెప్పబోయి ఆగిపోయాను. అప్పటికే ముగ్గురు శాంపిళ్ళు పట్టుకొచ్చి కూర్చున్నారు. మెరిసే బూట్లు, మెరిసే హాట్ బాక్సులు. ఒకాయన డబ్బా మీద ఆయన కంపెనీ పేరు అచ్చువేసి ఉంది. నా కారియర్ మీద మా మావ పేరు ఉంది, మేకుతో గీసింది.

బల్ల వెనక అమ్మాయి నాకో ఫారం ఇచ్చింది. నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. మొదటి గడి కంపెనీ పేరని పోల్చుకున్నాను. మా కొట్టుకి పేరు లేదు. కర్రీ పాయింట్ అని బోర్డు, అంతే. రెండో గడి ఏం అడుగుతోందో తెలీలేదు. మూడోదీ తెలీలేదు. ఆ అమ్మాయి నావైపు చూసి నవ్వింది. మంచి నవ్వే. వెక్కిరింత కాదు. ఇప్పుడు తలుచుకుంటే, అడిగితే ఆ పిల్లే రాసిపెట్టేదనిపిస్తుంది. మరెందుకు అడగలేదు? రోజుకి రెండొందలమందితో పరాచికాలాడే నోటికి, "అమ్మా, ఇదేంటో చెప్పవా" అనే నాలుగు ముక్కలు ఎందుకు రాలేదు?

'మనలాంటోళ్ళకి ఇవన్నీ ఎందుకు' అని లోపల ఒక గొంతు అంది. నా గొంతే. చిన్నప్పటి నుంచి నాతోనే ఉంది గాబట్టి అది తెలివైన మాటే అయ్యుంటుందని నమ్మాను. లేచి, "బండి తాళం మర్చిపోయా" అన్నాను ఆ అమ్మాయితో. నాకు బండి లేదు. బస్సుకి తాళం ఎవరిస్తారు?

కారియర్ పట్టుకుని బయటపడి, సముద్రం ఒడ్డుకెళ్ళి ఇసకలో కూర్చున్నాను. కాస్త దూరంలో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఒక్కణ్ణీ తినలేక ఆయన్ని పిలిచాను. ఇద్దరం గిన్నెలు నాకినంత పని చేశాం. ఆయన వేళ్ళు నాక్కుంటూ, "ఎవలు వండారో గానీ బాబూ, ఆ సేతికి దండమెట్టాల" అన్నాడు.

ఆ మాట తీసుకెళ్ళి ఇంట్లో చెప్పినా సరిపోయేది. ఏం చెప్పాలో తెలీకుండానే ఇల్లు చేరాను. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటన్నారు బావా?"

భయపడి పారిపోయి వచ్చానని చెప్పాలి. నోరు తెరిచాను.

"ఉప్పెక్కువైందన్నారు."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. ఆమె లోపలికెళ్ళింది. పొద్దున వండిన గిన్నెలో అట్టడుగున మిగిలిన పులుసులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది.

"నాకు సరిపోయినట్టే ఉంది గదా?"

అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. నా నోరు అప్పుడు మళ్ళీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. "సముద్రం ఒడ్డున పుట్టినదానివి. సిన్నప్పుడే నీ నాలిక ఉప్పులో ఊరిపోనాది. ఇంక నీకేటి తెలుస్తాదే?" అన్నాను. బాగా పేలిందనుకుని నేనే నవ్వాను కూడా.

ఆమె నవ్వలేదు. నమ్మింది.

మర్నాడు పొయ్యి దగ్గర దగ్గుమందు సీసా మూత కనిపించింది. ప్లాస్టిక్‌ది, చిన్న గీతలుంటాయి చూడండి, అది. ఆ రోజు నుంచి గుప్పిలి పోయి మూత వచ్చింది. గిన్నెడు కూరకి మూతడు ఉప్పు, గీత దాటదు. గుప్పిట్లో పట్టేది వేరు, మూతలో పట్టేది వేరు. మూడో రోజుకల్లా కౌంటర్ దగ్గర గోల మొదలైంది. "ఏటి బావా, మీ ఇంట్లో ఎవలికైనా బీపీయా? మాకు కూడా పత్యం పెడతన్నావేటి?"

అప్పుడే పొట్లం నా జేబులోకి వచ్చింది. వంట ముగించి ఆవిడ స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో నేను గిన్నె గిన్నెకీ తిరిగేవాణ్ణి. రెండు వేళ్ళతో తీసి వెయ్యడం, గరిటెతో తిప్పడం, మీసాల మీద చెమట తుడుచుకోవడం. దొంగతనాలు చేసేవాళ్ళు ఏదో ఒకటి పట్టుకుపోతారు. నేను రోజూ పెట్టి వచ్చేవాణ్ణి. వానాకాలంలో జేబు తడిసి చొక్కాకి తెల్లటి చారలు కట్టేవి. ఒకసారి మా అత్త పొట్లం చూసి, దిష్టి తగలకుండా పెట్టుకున్నాననుకుని, "మా అల్లుడికి ఎంత భక్తో" అని వీధంతా చెప్పింది.

జనం మెచ్చుకోవడం మొదలెట్టారు. నూకరత్నం మూత కడిగి బోర్లిస్తూ, "సూసినావా, మూతతో ఏత్తే ఎవలూ ఏటీ అనట్లేదు" అనేది. ఇంటికి కావలసిన కూర ముందే తీసి పక్కన పెట్టేది గాబట్టి, మేమిద్దరం చప్పటిదే తినేవాళ్ళం. చప్పగా ఉందని ఆమెకి తెలుస్తూనే ఉండేది. ఒకటి రెండుసార్లు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోవడం చూశాను. తర్వాత తనకి తనే, "నా నాలికకి తెలీదులే" అనుకుని మింగేసేది.

ఎదురుగా కూర్చుని, "బాగుందే" అనేవాణ్ణి.

ఇంతవరకూ ఆమెకి చెప్పాను. చెప్పని సగం ఇదీ.

ఆ తొమ్మిదేళ్ళలో అవకాశాలు రాకపోలేదు. పెళ్ళిళ్ళకి అడిగారు. కూర్మన్నపాలెంలో ఇంకో కొట్టు పెట్టమన్నారు. ప్రతిసారీ నూకరత్నం, "మనకెందుకు బావా, పదిమందిలో ఉప్పెక్కువైతే పరువు పోద్ది" అనేది. నేను పైకి నిట్టూర్చేవాణ్ణి. "నాకైతే ఎయ్యాలనే ఉంది, మా ఆవిడే వద్దంటంది" అని కౌంటర్ దగ్గర అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి ఆమె వద్దన్న ప్రతిసారీ నా ప్రాణం లేచొచ్చేది. ఇంకో ఫారం లేదు. ఇంకో అద్దాల తలుపు లేదు. నా భయాన్ని తీసి ఆమె తలకి చుట్టి, నేను మాత్రం ధైర్యవంతుడిలా తిరిగాను. అబద్ధం ఒక్కసారి ఆడాను, సరే, నోరు జారింది అనుకుందాం. సంతోషించడం తొమ్మిదేళ్ళు చేశాను. అది నోరు జారడం అవుతుందా? దాన్నేమంటారు?

పోయిన వారం దువ్వాడ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి వార్డెన్ గారు వచ్చారు. మా కూరలు నాలుగు రోజులు వరసగా తిన్నారట. నన్ను దాటుకుని సరాసరి లోపలికి, పొయ్యి దగ్గరికే వెళ్ళి అడిగారు. "మా పిల్లలకి వండిపెడతావా అమ్మా?" అని.

నూకరత్నం లేచి నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుని, కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "వద్దండి. నా సెయ్యి పెద్ద వంటలకి పనికిరాదండి. నాకు ఉప్పు తెలీదండి" అంది.

ఎవరికో ఊరూ పేరూ చెప్పుకున్నట్టు చెప్పింది. నాకు ఉప్పు తెలీదండి.

వార్డెన్ గారు వెళ్ళాక నేను లోపలికెళ్ళి జేబులోంచి పొట్లం తీసి పొయ్యి గట్టు మీద, మూత పక్కన పెట్టాను. చెప్పాను. ఫారం, అద్దాల తలుపు, లేని బండి తాళం, రోజూ పది నిమిషాల దొంగతనం. అంతవరకే. జోకు ఒక్కటీ రాలేదు. ఆమె పొట్లం వైపే చూస్తూ వింది.

"మరి ఆ పులుసు ఏటి సేసినావు?"

"తినేసినాను. ఒడ్డున ఒక పెద్దాయన ఉంటే, ఆయనా నానూ."

"మొత్తం?"

"మొత్తం."

మూతని కాస్త పక్కకి జరిపి, నెమ్మదిగా అడిగింది.

"ఎలగుంది?"

తిడుతుందనుకున్నాను. గరిటె విసురుతుందనుకున్నాను. దానికైతే వంగడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ ప్రశ్నకి సిద్ధంగా లేను.

"అలాటి పులుసు మళ్ళీ తినలేదే" అన్నాను. ఆ పెద్దాయన అన్న మాట కూడా చెప్పాను, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా. ఆమె పొయ్యి వైపు తిరిగిపోయింది. మొహం కనపడలేదు.

మూడు రోజులు మాటల్లేవు. కౌంటర్ దగ్గర నేను కూడా మూగవాణ్ణయ్యేసరికి ఒకాయన నాకు జ్వరమనుకుని నిమ్మకాయలు తెచ్చిచ్చాడు. నాలుగో రోజు, ఇవాళ, పొద్దున్నే కారియర్ సర్దుతూ కనిపించింది. మా మావ పేరున్న అదే కారియర్. గుప్పిలి తెరిచి పులుసులోకి ఉప్పు రాల్చింది. రుచి చూడలేదు.

"దువ్వాడ ఎల్తన్నాను. నువ్వూ రా బావా."

ఆ 'బా' గట్టిగానే పడింది. అయినా పరుగున వెళ్ళి మంచి చొక్కా వేసుకొచ్చాను. హాస్టల్ ముందు షేర్ ఆటో దిగాక, లోపలికి అడుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గేటు కాడ ఉండు. నీకు అలవాటే గదా."

వాచ్‌మన్ పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను వేసిన జోకులన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే.

గేటు ఊచల్లోంచి ఆఫీసు గది కనిపిస్తోంది. ఆమెకి ఎవరో కాగితాలిచ్చారు. ఫారమే. ఆమె ఒక గడి మీద వేలు పెట్టి, బల్ల అవతలున్న మనిషిని ఏదో అడిగింది. ఆ మనిషి చెప్పింది. ఈమె రాసింది. మళ్ళీ వేలు, మళ్ళీ అడగడం. మధ్యలో ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

అంతే. నేను తొమ్మిదేళ్ళు తప్పించుకు తిరిగిన పని అంతే.

వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలీదు. నన్ను ఆమె ఎప్పటికి క్షమిస్తుందో అసలే తెలీదు, అడిగే మొహం లేదు. చెప్పని సగం చెప్పే ధైర్యం ఎప్పుడొస్తుందో అదీ తెలీదు. గేటు పక్కన అరుగు మీద కూర్చుని, ఆర్డర్లు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో ఇది రాస్తున్నాను. వాచ్‌మన్ రెండుసార్లు తొంగిచూశాడు. మూసేశాను. జేబు తేలిగ్గా ఉంది. అలవాటుకొద్దీ చెయ్యి పోతోంది గానీ, అక్కడేమీ లేదు.

ఆటో దిగేముందు నా చేతిలో విడిగా ఒక చిన్న డబ్బా పెట్టింది, ఆకలేస్తే తినమని. ఇప్పుడే విప్పాను. అన్నం, పక్కన వంజరం పులుసు. పులుసు మీద బోర్లించి, దగ్గుమందు సీసా మూత.

లోకానికంతా గుప్పిలి. బావకి మాత్రం మూత.

చప్పగా ఉంది. తింటున్నాను.