పోలయ్య చెప్పిన గాలి

ఈ మాట ఇన్నేళ్లూ నాలోనే ఉండిపోయింది. బరువుగానే ఉండేది. కానీ ఆ బరువుతోనే నేను దర్జాగా తిరిగాను, దండలు వేయించుకున్నాను, కంపెనీని పెంచాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. రాజమండ్రి రేవులో సరుకు పడవల కంపెనీ నాది. గోదావరి మీదా, ఆనకట్ట వచ్చాక తవ్విన కాలవల మీదా మా పడవలు తిరుగుతాయి. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. గాలి గురించి గానీ, పడవ గురించి గానీ అనుమానం వస్తే ఎంత చిన్నవాడైనా పైకి చెప్పాలి. చెబితే పడవ ఆగుతుంది. ఆ అనుమానం ఉత్తదని తేలినా వాణ్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఒకసారి పడవ నడిపే మా సరంగు అప్పన్న మబ్బు చూసి పడవ కట్టేశాడు. చినుకు కూడా పడలేదు. సరుకు ఆలస్యమైందని షావుకారు రేవులో నానా మాటలూ అంటుంటే నేను వెళ్లి అప్పన్న పక్కన నిలబడ్డాను. ఆగమన్నది నేనే అన్నాను. ఆ తరవాత చేపలు పట్టే కుటుంబాల వాళ్లు, తమ పిల్లల్ని పనికి పంపితే మా పడవల మీదికే పంపుతామన్నారు. వేరే కంపెనీల పడవలు మునిగాయి. మావి మునగలేదు. దీనికి గర్వపడొద్దంటే నా వల్ల కాదు.

మునిగింది ఒక్కటే. మొట్టమొదటిది.

అప్పుడు నాకింకా పాతికేళ్లు నిండలేదు. తణుకు దగ్గర పొలాలు చూసుకోకుండా పడవల్లోకి దిగానని మా వాళ్లకు కోపం. తొందరగా పైకొచ్చి చూపించాలని నాకు పంతం. వేసవి మధ్యాహ్నం పట్టిసీమ రేవులో కందుల బస్తాలు ఎక్కించాం. సరంగు పోలయ్య, తాతల నాటి నుంచీ గోదావరి మీద బతికిన ఇంటివాడు, నన్ను ఒడ్డున ఓ పక్కకు పిలిచాడు.

“కొండల వైపు నల్లబడుతోందండి. ఈదురుగాలి వచ్చేలా ఉందండి. ఈ పూటకి ఇక్కడే కట్టేద్దామండి.”

“నువ్వు చుక్కాని పట్టుకో. ఆకాశం సంగతి నేను చూసుకుంటాను.”

“తమరు తియ్యమంటే తీస్తానండి. నేను చెప్పానని మాత్రం గుర్తుంచుకోండి.”

వెళ్లి తాడు విప్పాడు.

నది నడుమ గాలి కొట్టింది. తెరచాప దించేలోగా పడవ ఒరిగిపోయింది. నాతో సహా అందరినీ ఒడ్డుకు చేర్చింది పోలయ్యే. సరుకంతా పోయింది. తెడ్డు వేసే ఒకడి కాలు బస్తాల కింద నలిగి, వాడు జన్మంతా కుంటివాడయ్యాడు. రాజమండ్రిలో నా భాగస్తుడైన మా మేనమామ పదిమంది ముందూ అడిగాడు, గాలి వస్తుందని సరంగు నీకు చెప్పలేదా అని. చెప్పలేదన్నాను. అంతే. ఆలోచించి అన్నానా? లేదు. ఆలోచించుకునే వ్యవధి ఉంటే వేరే మాట అనేవాణ్నా? అనేవాణ్ని కాదేమో. పోలయ్య నా వంక చూశాడు. ఎందుకు ఊరుకున్నాడో నాకు నేటికీ తెలియదు. తలగుడ్డ దులుపుకుని రేవు మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ మీదట ఎవరూ అతని చేతికి చుక్కాని ఇవ్వలేదు. సముద్రం దిక్కున ఎవరివో వలలు కూలికి లాగుతూ బతికి, అక్కడే చనిపోయాడని చాలా ఏళ్లకు విన్నాను.

మా కట్టుబాటు పుట్టింది ఆ భయంలోంచే. ఇంకోసారి ఎవరైనా చెబితే వినకుండా ఉండకూడదని నాకు నేను పెట్టుకున్న కాపలా అది. కానీ పైకి ఏం చెప్పించాను? పోలయ్య అనే సరంగు గాలి చూసి కూడా నోరు విప్పలేదు, పడవ ముంచాడు, మీరు అలా చెయ్యొద్దు అని. కొత్తగా చేరినవాళ్లు నవ్వేవారు, గుర్తుపెట్టుకునేవారు. నోరు విప్పినవాణ్ని మూగవాణ్ని చేసి, అతని పేరు చెప్పి నోరు విప్పడం నేర్పాను. మంచి కోసమేగా అని సర్దిచెప్పుకున్నాను. ఆ మంచి నిజం కాదా? నిజమే. నిజం కాబట్టే దాని చాటున ఇన్నాళ్లు దాక్కోగలిగాను.

మొన్న అప్పన్న ఆ కథ చెబుతుంటే వింటున్నవాళ్లలో ఒకడు, అలాంటివాడు ఉన్నా ఒకటే పోయినా ఒకటే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే అప్పన్నను పిలిచి జరిగిందంతా చెప్పాను.

“మరి కొత్తవాళ్లకి ఏం చెప్పమంటారండి?” అన్నాడు.

జరిగింది చెప్పమన్నాను. నా పేరు పెట్టే చెప్పమన్నాను. నా మొహం చూడకుండా రేవులోకి దిగిపోయాడు.

ఈ వేళ పడవలు కదిలే ముందు చెప్పాడు. నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోలయ్య చెప్పాడు, అయ్యగారే వినలేదు అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తల తిప్పుకోలేదు.